ఆరుద్ర కార్తెలోనే పెరుకవలసిన మొక్క

మృగశిర కార్తె ప్రవేశించి తొలకరి జల్లులు నేలను తడిపిన కొలది దినములకే, ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు పోవు మార్గమున, పత్తి, మిరప చేలు ముగిసి తునికి, ఇప్ప, టేకు చెట్ల అడవి మొదలగు ఆ సరిహద్దు నేలలో, ఎవరును విత్తని పైరొకటి మొలకెత్తును. దానిని మన పల్లెలలో వయ్యారిభామ యందురు. కాంగ్రెసు గడ్డి యనియు వాడుక కలదు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు పార్థీనియం హిస్టెరోఫోరస్. ఏటేట వానకాలమున దానిని తొలగించుట గ్రామ పంచాయతీల పారిశుద్ధ్య కార్మికులకు తప్పని పని. ఎందరు కార్మికులు శ్రమించినను, ఈ పనిలో ఫలము వారు పనికి దిగిన దినమును బట్టియే యుండును.

ఆ దినమేదో తెలియవలెనన్న ముందుగా మొక్క జీవితమును తెలిసికొనవలెను. మొలచిన పిమ్మట కొన్ని వారములు అది పైకి లేవక, లోతుగా చీలిన ఆకులను చక్రాకారముగ నేలకు అదుముకొని పరచును. ఆ ఆకుల క్రింద మరియొక మొలకకు వెలుతురు సోకదు. తరువాత నడుమ నుండి కాడ నిలువున లేచి, కొమ్మలు వేసి, మొలచిన నాలుగు మొదలు ఆరు వారములలో తెల్లగా పూయును. మనము పువ్వనుకొనునది నిజమునకు చిన్న చిన్న పుష్పముల గుచ్ఛము. మిరియపు గింజంత యుండు ఆ గుచ్ఛమును భూతద్దముతో పరిశీలించినచో అంచున సమదూరమున ఐదు సూక్ష్మమైన రేకులు కనబడును. ఒక్కొక్క రేకు మొదట నొక్కొక్క విత్తనము ఏర్పడును. గుచ్ఛమునకు ఐదే యైనను, ఏపుగా పెరిగిన మొక్కపై గుచ్ఛములు వేలకొలది యుండుటచేత, ఒక్క మొక్క 15,000 మొదలు 25,000 వరకు విత్తనములను రాల్చగలదు. ఆ నల్లని విత్తనములు వాగు నీటిలో కొట్టుకొనిపోవును. లారీ టైర్లకు అంటిన బురదలోను, రోడ్డు పనులకు తోలు మట్టిలోను ప్రయాణము చేయును. మట్టిలో లోతుగా కూరుకొన్నవి కొన్ని సంవత్సరములు సజీవములై యుండును.

దీని జన్మస్థానము మెక్సికో మొదలగు ఉష్ణ అమెరికా ప్రాంతములు. మన దేశమున 1955 ప్రాంతమున పూనాలో దీనిని గుర్తించిరి. దిగుమతియైన అమెరికా గోధుమలలో కలిసి వచ్చెనని లోకమున ప్రతీతి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ పచ్చిక బయళ్ళను, ఇథియోపియా పొలములను సైతము ఇది ఆక్రమించినది. స్వదేశమున దానిని తిను పురుగులును, దానికి సోకు తెగుళ్ళును కలవు. వలస వచ్చిన చోట అవి లేకపోవుటయే దాని విజృంభణకు ముఖ్య కారణము.

ఈ మొక్కలోని పార్థెనిన్ అను ద్రవ్యము ప్రక్కనున్న విత్తనములను మొలవనీయదు. అది చర్మమునకు తగిలిన కొందరికి దద్దుర్లు లేచి ఏండ్ల తరబడి మానవు. పుప్పొడి పీల్చిన కొందరికి ఉబ్బసము వచ్చును. మేత కరవై దీనిని తిన్న పశువుల పాలు చేదగును. రైతుకు కలుగు నష్టము మరింత గూఢమైనది. 2000 ఖరీఫులో అనంతపురము జిల్లాలో వేరుశనగకు కాండము కుళ్ళు వైరస్ తెగులు సోకి, సుమారు 2,25,000 హెక్టార్లలో పైరు దెబ్బతిని, నష్టము 300 కోట్ల రూపాయలకు మించినదని అంచనా వేసిరి. ఆ వైరస్ వయ్యారిభామలో ఏ లక్షణమును చూపక దాగియుండుననియు, దాని పుప్పొడిని తామర పురుగులు వేరుశనగ ఆకులపైకి చేర్చి, అవి గీకిన గాయముల ద్వారా వైరస్ లోనికి ప్రవేశించుననియు పరిశోధకులు కనుగొనిరి. గట్టుమీది కలుపు గట్టుమీదనే యుండునని నమ్ముట ఎంత ప్రమాదమో ఈ ఉదంతమే చాటుచున్నది. 2021లో విదేశపు నల్ల తామర పురుగు దాడికి మిరప తోటలను పోగొట్టుకొన్న ఖమ్మము రైతులకు, తామర పురుగులకు ఆశ్రయమిచ్చు ఏ పూతను ఉపేక్షింపరాదని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక కార్తెల లెక్కకు వత్తము. మృగశిర జూన్ 8 ప్రాంతమున వచ్చును. ఆ వానలకు మొలచిన మొక్క, జూన్ 22 ప్రాంతమున మొదలగు ఆరుద్రలో ఇంకను నేలకు అంటియే యుండి, జూలై 6 ప్రాంతమున వచ్చు పునర్వసు మొదలు పూతకు దిగును. కావున ఆరుద్రలోని ఆ పక్షము రోజులే అసలైన అదను. జబల్పూరులోని కలుపు పరిశోధన డైరెక్టరేట్ ప్రతి సంవత్సరము ఆగస్టు 16 నుండి 22 వరకు పార్థీనియం అవగాహన వారమును జరుపుచున్నది. అది ప్రజలను మేల్కొలుపు సత్కార్యమే. కాని మన నేలలో అప్పటికి మఖ కార్తె వచ్చును, తొలివిడత మొక్కలు అప్పటికే విత్తనము రాల్చియుండును. ఆ వారమును పని ప్రారంభముగ గాక, మలివిడత మొలకలను ఏరివేయు గడువుగ భావించుట మేలు.

వాన వెలిసిన మరునాటి ఉదయము, నేల మెత్తగ నున్నపుడు, బొరిగెను మొక్క ప్రక్కన గ్రుచ్చి, తల్లివేరుతో సహా ఎత్తివేయవలెను. కొడవలితో పైపైన కోసినచో మొదలు నుండి క్రొత్త కొమ్మలు లేచి మరల పూయును. కోత పని చూపునకు శుభ్రముగ నుండును గాని కలుపు తీరదు. పూత లేనిదానిని పేడతోను మట్టితోను పొరలుగ గుంతలో వేసినచో మంచి ఎరువగును. పూసినదానిని అక్కడికక్కడే బస్తాలలో కుక్కి, ఎండబెట్టి కాల్చవలెను. చేతికి రబ్బరు తొడుగులు, ఒంటికి నిండు చేతుల చొక్కా, ముక్కునకు గుడ్డ లేనిదే ఎవరిని ఈ పనికి పంపరాదు. ఊరి ఆరోగ్యముకొరకు పెరుకువాని చర్మము పాడగుట న్యాయము కాదు. తొడుగుల ఖర్చు పంచాయతీ లెక్కలలో మొదటనే చేరవలెను.

మనుష్యులకు తోడుగ ఒక పురుగును కలదు. మెక్సికో నుండి తెప్పించిన జైగోగ్రామా బైకలరేటా అను పెంకు పురుగును 1984లో బెంగుళూరులో విడిచిరి. అది సుమారు 6 మిల్లీమీటర్ల పొడవుండును. దాని పాలిపోయిన రెక్కలపై గోధుమరంగు చారలుండును. దాని పిల్ల పురుగులు చివుళ్ళను తినివేసి పూతను అరికట్టును. అది ప్రొద్దుతిరుగుడును తినునేమోయని 1990ల ఆరంభమున కలవరము పుట్టెను గాని, విచారణలో ఆ పైరునకు చెప్పుకోదగిన ముప్పు లేదని తేలినది. వానలు లేని కాలమున నేలలో నిద్రించి తొలకరికి లేచు ఆ పురుగు, కలుపును మించి పెరుగుటకు ఒకటి రెండు తరములు పట్టును. అందుచేత ఆరుద్ర పని మనుష్యులదే, శ్రావణ మాసపు పని చాలవరకు దానిది. పురుగు దండిగ కనబడిన చోట మందులు చల్లక వదలవలెను.

పెరికిన నేలను బోడిగ విడిచినచో వయ్యారిభామయే మరల వచ్చును. రోడ్డు అంచులలోను బంజరులలోను తంటెపు గింజలను తొలకరికి ముందే చల్లినచో, ఆ మొక్కలు గుబురుగ పెరిగి దానికి చోటీయవు.

మట్టిలోని పాత విత్తనము తరుగుటకు వరుసగ కొన్ని వానకాలములు పట్టును. వాగు ఎగువ గ్రామము పెరుకనిచో దిగువ గ్రామపు శ్రమ వరదపాలగును. కావున మండలములోని పంచాయతీలన్నియు రోహిణి కార్తెలోనే కూడి తీర్మానించి, బొరిగెలు, తొడుగులు సమకూర్చుకొని, ఎగువ నుండి దిగువకు వరుసగ పని సాగించవలెను. ఏటేట అదను తప్పక పట్టుబట్టిన గ్రామములలో ఈ మొక్క తరిగి తీరును.