కంప్యూటర్ మూగబోయిందా? ముందు ఆ డబ్బా సంగతి చూడండి!

బటన్ నొక్కారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఫ్యాన్ తిరగలేదు, లైటు వెలగలేదు. రాత్రి పదింటిదాకా బాగానే పనిచేసింది కదా! పిల్లాడి ప్రాజెక్టు వర్కు, డ్వాక్రా గ్రూపు లెక్కలు, మీరు ఇంటి దగ్గరే చేసుకునే డీటీపీ పని... అన్నీ అందులోనే ఉన్నాయాయె. గుండె గుభేలుమంటుంది.

కంగారు పడకండి. ఇలా ఉన్నట్టుండి మూగబోయిన కంప్యూటర్లలో చాలాసార్లు జబ్బు వెనకవైపు వైరు గుచ్చేచోట ఉండే ఇనప డబ్బాలోనే ఉంటుంది. దాన్నే ఎస్‌ఎంపీఎస్ అంటారు. గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటును కంప్యూటర్ తట్టుకోగలిగే 12, 5, 3.3 వోల్టులుగా మార్చిపెట్టడం దాని పని. మీ ఫైళ్లుండేది హార్డ్ డిస్కులో. డబ్బా పోయినంతమాత్రాన అవి పోవు. 'మొత్తం పోయిందక్కా, కొత్తది కొనుక్కోండి' అని ఎవరైనా అంటే వెంటనే తలూపకండి.

మన మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు ఈ డబ్బాకు కష్టాలెక్కువే. నడి వేసవిలో గదే పొయ్యిలా ఉంటుంది. చుట్టుపక్కల బోరు మోటార్లన్నీ ఒక్కసారి ఆన్ అయితే ట్యూబ్‌లైటు గుడ్డిదవుతుంది. వోల్టేజి తగ్గిన కొద్దీ ఎస్‌ఎంపీఎస్ ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. ఇక మార్కాపురంలో పలకలు కోసే యూనిట్ల దగ్గర ఇళ్లున్నవారికి దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. ఒకప్పుడు కొన్ని దేశాల్లో కరెంటు స్విచ్‌బోర్డుల్ని పలకరాతితోనే చేసేవారట, అందులోంచి కరెంటు పారదు కనక! అదే రాయి పొడై ఫ్యాన్‌కి పట్టిందంటే లోపలి వేడి బయటికి పోనివ్వదు.

ముందు తేలికైనవి చూసుకోండి. అదే ప్లగ్గులో సెల్ ఛార్జరు పెట్టి కరెంటు వస్తోందో లేదో చూడండి. పవర్ కార్డు మార్చి చూడండి. మానిటర్ కార్డు కూడా చాలావరకు అలాంటిదే. డబ్బా వెనక చిన్న స్విచ్ ఉంటుంది, ఊడ్చేటప్పుడు చేయి తగిలి ఆఫ్ అయిందేమో! పాత డబ్బాలకు 115, 230 అని రాసిన ఎర్ర స్విచ్ ఒకటుంటుంది. పిల్లలు దాన్ని 115 వైపు జరిపి ప్లగ్గు పెట్టారో, ఢామ్మని పేలుతుంది. కంప్యూటర్ ఆన్ అవుతూ టైమూ తేదీ మాత్రం తప్పుగా చూపిస్తుంటే తప్పు ఎస్‌ఎంపీఎస్‌ది కాదు, మదర్‌బోర్డు మీది బిళ్ల సెల్‌ది.

ఆ డబ్బాను మాత్రం విప్పకండి. ప్లగ్గు పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలవ ఉండొచ్చు. అన్నీ ఆపేశాం కదా అని స్క్రూడ్రైవర్ పెడితే ప్రాణాల మీదికి వస్తుంది. మిక్సీ బాగుచేసినంత ధైర్యం ఇక్కడ పనికిరాదు. ఇంట్లో మనం చేయదగ్గ రిపేరు డబ్బాకు డబ్బా మార్చడమే.

డబ్బా పోయిందో లేదో తెలుసుకోవడానికి ఓ చిట్కా ఉంది. ప్లగ్గు పీకి, కంప్యూటర్ పక్క రేకు తీయండి. వైర్లు ఎక్కడెక్కడ గుచ్చి ఉన్నాయో సెల్‌తో ఫొటో తీసుకోండి, తర్వాత తంటా ఉండదు. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చిన వైర్లన్నీ ఊడదీయండి. 24 రంధ్రాల వెడల్పాటి కనెక్టర్లో ఆకుపచ్చ వైరు ఒక్కటే ఉంటుంది. కాగితాలకు పెట్టే క్లిప్పును యు ఆకారంలో వంచి ఒక కొస ఆకుపచ్చ వైరు రంధ్రంలో, రెండోది పక్కనున్న నల్ల వైరు రంధ్రంలో గుచ్చండి. అప్పుడు ప్లగ్గు పెట్టి స్విచ్ వేయండి. ఫ్యాన్ తిరగకపోతే డబ్బా పోయినట్టే అనుకోవచ్చు. తిరిగితే సగం పాసైనట్టు. పసుపు, నల్ల వైర్ల మధ్య మల్టీమీటర్ పెడితే 11.4కూ 12.6కూ మధ్య చూపించాలి. ఎరుపు, నలుపు మధ్య 4.75 నుంచి 5.25. వైర్లన్నీ నల్లవే అయితే, లేదా కంపెనీ సన్నరకం కంప్యూటర్ అయితే ఈ పరీక్ష మెకానిక్‌కి వదిలేయండి.

కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని సంచిలో వేసుకుని వెళ్లండి. సైజు, కనెక్టర్లు సరిచూసుకోవచ్చు. ఊళ్లో దొరక్కపోతే ఒంగోలు ఉండనే ఉంది, గిద్దలూరు వాళ్లకు నంద్యాల రైలుంది. మామూలు ఇంటి వాడకానికి 450 వాట్లది సరిపోతుంది. చేత్తో పట్టుకుంటే అట్టపెట్టెలా తేలిగ్గా ఉందా, అనుమానించాల్సిందే. వెనక నాలుగు స్క్రూలు, ఫొటోలో చూసి వైర్లు, అంతే పని. ఉరుములొస్తే ప్లగ్గు పీకేయడం, నెలకోసారి మెత్తటి బ్రష్‌తో జాలీ మీది దుమ్ము దులపడం మరిచిపోకపోతే అది చాలాకాలం మన్నుతుంది.

ఇంకొక్క విషయం. 'సీపీయూ ముట్టుకుంటే జివ్వుమంటోందండీ' అని చాలామంది అంటుంటారు, చెప్పులేసుకుని కూర్చుని సర్దుకుపోతుంటారు కూడా. సర్దుకుపోవద్దు. ఎస్‌ఎంపీఎస్ తయారీలోనే అతి కొద్ది కరెంటు బయటి రేకుకు చేరే ఏర్పాటు ఉంటుంది, అది ఎర్త్ వైరు గుండా నేలలోకి పోవాలి. పాత ఇళ్లల్లో మూడో రంధ్రం ఉత్తి రంధ్రమే, దాని వెనక వైరే ఉండదు! ఇవాళ జివ్వుమన్నది, రేపు లోపల వైరు కాలి రేకుకు తగిలితే షాకై కొడుతుంది. పసిపిల్లలు తడిచేతులతో తాకే వస్తువిది. ఎలక్ట్రీషియన్ని పిలిచి ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య వంద క్యాండిల్ బల్బు పెట్టి చూపించమనండి. నిండుగా వెలిగితే ఎర్త్ ఉన్నట్టు. ఇంట్లో ఆర్‌సీసీబీ ఉంటే అదే ట్రిప్ అవుతుంది, అదీ మంచి గుర్తే. ఎర్త్ సరిచేశాక కూడా జివ్వుమంటుంటే డబ్బా మార్చేయండి.

ఎర్త్ గుంత ఎండిపోతే పనిచేయదు. ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే ఊళ్లో దానికి మంచినీళ్లెక్కడ పోస్తాం అంటారా? గిన్నెలు తొలిచిన నీళ్లు వారానికో రెండుసార్లు పోసినా చాలు.