నార్మలొచ్చింది గదా, ఇంక మాత్రలెందుకు?

తడ దాటితే తమిళనాడు. ఇక్కడ ఎవరికైనా షుగరో థైరాయిడో బయటపడితే కొందరు లోకల్ రైలెక్కి మద్రాసు పోతారు, కొందరు బస్సెక్కి తిరుపతి స్విమ్స్‌కు పోతారు. ఎక్కడ చూపించుకున్నా, మూణ్ణాలుగు నెలలు గడిచాక ఇంటి అరుగు మీద వినబడే మాట ఒకటే: "నార్మలొచ్చింది గదా, ఇంక మాత్రలెందుకు?" హార్మోన్ల జబ్బుల గురించి మనలో తిరిగే అపోహల్లో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ ఒక్క మాటేనని నా నమ్మకం. అందుకే మొదట దీని సంగతే చూద్దాం.

జ్వరమొస్తే మాత్ర వేసుకుంటాం. జ్వరం పోతే ఆపేస్తాం. ఆ లెక్కనే థైరాయిడ్‌కూ వర్తింపజేస్తున్నాం. మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి థైరాక్సిన్ అనే హార్మోన్ తయారు చేయాలి. అది చాలినంత చేయలేనప్పుడు అదే పదార్థాన్ని మాత్ర రూపంలో బయటి నుంచి ఇస్తారు. థైరాయిడ్ పరీక్షలో చూసే టీఎస్‌హెచ్ అంకె సరిగ్గా వచ్చిందంటే గ్రంథి బాగుపడిందని కాదు, మాత్ర ఆ లోటును పూడ్చిందని అర్థం. ఇక్కడ ఇంకో చిక్కుంది. ఒంట్లో ఉన్న థైరాక్సిన్ సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. అందువల్ల మాత్ర మానేసిన మొదటి రోజుల్లో ఏ తేడా తెలియదు. "చూశావా, ఏమీ కాలేదు" అని పక్కింటావిడకు కూడా సలహా చెప్పేస్తారు. నీరసం, మలబద్ధకం, ముఖం ఉబ్బడం, నెలసరి తప్పడం కొన్ని వారాల తర్వాత మొదలవుతాయి. అప్పటికి మాత్ర మానేసిన సంగతే గుర్తుండదు. గర్భిణి ఇలా మానేస్తే కడుపులో బిడ్డ మెదడు ఎదుగుదలకే ముప్పు.

షుగరు మాత్రల సంగతీ ఇంతే. మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా కాలేయం నుంచి రక్తంలోకి వచ్చి పడే చక్కెరను తగ్గిస్తుంది. వేసుకున్నన్నాళ్ళే ఆ పని జరుగుతుంది. పరీక్షకు రెండు రోజుల ముందు తీపి మానేసి, అన్నం తగ్గించి మంచి రిపోర్టు తెచ్చుకునేవాళ్ళను చాలామందిని చూశాను. పరగడుపు చక్కెర ఆ రెండు రోజులకు లొంగవచ్చు కానీ హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష లొంగదు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది, అన్ని రోజులూ దానికి అంటుకున్న చక్కెర లెక్క అందులో ఉంటుంది. అయితే రక్తహీనత ఉంటే ఆ లెక్క కూడా తప్పవచ్చు కాబట్టి డాక్టరుకు ఆ విషయం చెప్పాలి.

మందు లేకుండా షుగరు అదుపులో ఉండటం అసాధ్యమేమీ కాదు. బ్రిటన్లో 306 మందిపై జరిపిన డైరెక్ట్ అనే పరిశోధన ఫలితాలు 2017లో వచ్చాయి. షుగరు వచ్చి ఆరేళ్ళు దాటని వాళ్ళను అందులో తీసుకున్నారు. వైద్యుల పర్యవేక్షణలో గట్టిగా బరువు తగ్గించిన బృందంలో ఏడాది తర్వాత 46 శాతం మందికి మందులు లేకుండానే చక్కెర అదుపులో ఉంది. రెండో ఏటికి వాళ్ళు 36 శాతానికి తగ్గారు. వాళ్ళ మాత్రలు ఆపింది వైద్యులు. ఆపాక కూడా పరీక్షలు మానలేదు. రిపోర్టు చూసి మనంతట మనం ఆపేయడానికీ దీనికీ పోలిక లేదు.

మాత్రలు మానేయడానికి ఇంకో కారణం కిడ్నీల భయం. కిడ్నీలు దెబ్బతిన్న మనిషికి డాక్టరు మెట్‌ఫార్మిన్ తగ్గించడమో ఆపడమో చేస్తారు. అది చూసి, కిడ్నీలను చెడగొట్టింది ఆ మాత్రేననుకుంటారు. దెబ్బతిన్న కిడ్నీ ఆ మందును బయటికి పంపలేదు కాబట్టి తగ్గిస్తారు, అంతే. కిడ్నీని చెడగొట్టేది ఏళ్ళ తరబడి రక్తంలో నిలిచిన చక్కెర, దానికి తోడు బీపీ. బ్రిటన్లోనే 1977లో మొదలై ఇరవయ్యేళ్ళు సాగిన యూకేపీడీఎస్ పరిశోధనలో 5,102 మందిని గమనించారు. 1998లో ఫలితాలు వచ్చాయి. మందులతో చక్కెరను గట్టిగా అదుపు చేసినవాళ్ళలో కళ్ళు, కిడ్నీల వంటి చిన్న రక్తనాళాల దెబ్బలు 25 శాతం తగ్గాయి.

"కాయకష్టం చేసే సన్నటోళ్ళకి షుగరేంది?"

పులికాట్‌లో వలలేసేవాళ్ళు, లారీ డ్రైవర్లు, కూలీలు ఈ మాట ధైర్యంగా అంటారు. ఆ ధైర్యాన్ని కదిలించే ఫోటో ఒకటుంది. 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఎత్తును బట్టి బరువు లెక్కగట్టే బీఎంఐ ఇద్దరికీ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చూపుకు సన్నగా ఉన్నా మనవాళ్ళలో కండ తక్కువ, పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువ. ఇది పుట్టుకతోనే మొదలవుతుందని, పుణె పల్లెల్లో తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలు కూడా కండ కోల్పోయినంతగా కొవ్వు కోల్పోలేదని యాజ్ఞిక్ బృందం చూపించింది. అందుకే మన మగవాళ్ళకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే జాగ్రత్తపడమంటారు. టైలరు దగ్గరుండే టేపు చాలు, దీనికి వేరే పరీక్ష అక్కర్లేదు.

మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్, భారత వైద్య పరిశోధన మండలి కలిసి చేసిన ఇండియాబ్ సర్వే తుది లెక్కలు 2023లో వచ్చాయి. 1,13,043 మందిని పరీక్షించి, దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని అంచనా వేశారు. పల్లెల్లోనే నూటికి దాదాపు 9 మందికి ఉంది. ఇది డబ్బున్నవాళ్ళ జబ్బు అనే మాటకు కాలం చెల్లింది.

ఆ అంచున ఉన్నవాళ్ళ కోసం మద్రాసులోనే డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చేసిన పరిశోధన ప్రతి తెలుగింటికీ తెలియాల్సింది. 2006లో ప్రచురించారు. 531 మందిని మూడేళ్ళు గమనించారు. మామూలు సలహాతో వదిలేసినవాళ్ళలో నూటికి 55 మంది మధుమేహంలోకి జారారు. తిండి సరిచేసుకుని రోజుకో అరగంట చురుగ్గా నడిచినవాళ్ళలో 39 మందే జారారు. మెట్‌ఫార్మిన్ వేసుకున్నవాళ్ళలో సుమారు 40 మంది. రెండూ కలిపినా అదనపు లాభం రాలేదు. అంటే ఆ దశలో మాత్ర చేసిన పనంతా నడక, తిండి చేశాయి.

శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టులు చేసే పిల్లలకు కూడా ఒక మాట చెప్పాలి. అమెరికా నర్సులను ఏళ్ళ తరబడి గమనించి 2011లో ప్రచురించిన పరిశోధనలో, మారుతుండే రాత్రి షిఫ్టులు ఎన్నేళ్ళు చేస్తే మధుమేహం ముప్పు అంత పెరిగినట్టు తేలింది. ఉద్యోగం మానుకోమనడం లేదు. వయసు పాతికే కదా అని పరీక్ష వాయిదా వేయవద్దంటున్నాను.

"అన్నం మానేసి సంగటో చపాతీయో తింటే సరి"

తెల్లన్నం మీద అనుమానం సరైనదే. 21 దేశాల్లో 1,32,373 మందిని గమనించిన ప్యూర్ పరిశోధన ప్రకారం దక్షిణాసియాలో రోజుకు 450 గ్రాములు, అంతకు మించి తెల్లన్నం తినేవాళ్ళకు 150 గ్రాముల లోపు తినేవాళ్ళ కన్నా మధుమేహం ముప్పు 61 శాతం ఎక్కువ. కానీ అన్నానికి బదులు అంతే పరిమాణంలో సంగటి ముద్దలు లాగిస్తే ఒరిగేదేమిటి? రాగుల్లో పీచు ఉంది, వంద గ్రాములకు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, అది గొప్ప సంగతే. అయినా అందులో మూడింట రెండు వంతులు పిండిపదార్థమే. పైగా మన సంగటిలో బియ్యం కూడా ఉడుకుతుంది. పలుచగా కాచిన జావ ఇంకా తొందరగా చక్కెరగా మారుతుంది. ఒక ముద్ద తగ్గించి ఆ ఖాళీలో చేపల పులుసులోని చేప, అలసందలు, ఆకుకూర పెట్టుకుంటే ఏ ధాన్యం తిన్నా మేలే.

"సముద్రం పక్కనున్నోళ్ళం, మాకు థైరాయిడేంది?"

చేపలు, రొయ్యల్లో అయోడిన్ ఉన్నమాట నిజం. సముద్రపు ఉప్పులో మాత్రం నామమాత్రమే. లీటరు సముద్రపు నీళ్ళలో ఉండే అయోడిన్ సుమారు 60 మైక్రోగ్రాములు, ఉప్పు 35 గ్రాములు. మడిలో ఎండేటప్పుడు ఆ అయోడిన్‌లోనూ చాలా భాగం పోతుంది. మనిషికి రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములు. కూరలో వేసే చెంచా రాళ్ళుప్పుతో ఆ లెక్క తీరదు.

ఈ విషయంలో దేశానికే దారి చూపిన వైద్యుడు శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వులిమిరి రామలింగస్వామి. 1956 నుంచి హిమాచల్‌లోని కాంగ్రా లోయలో కొన్ని ప్రాంతాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఇంకో ప్రాంతానికి మామూలు ఉప్పు అందించి, గొంతు వాపుల మీద ఏళ్ళ తరబడి తన బృందంతో కన్నేసి ఉంచారు. అయోడిన్ ఉప్పు తిన్న ప్రాంతాల్లో బడిపిల్లల గాయిటర్ బాగా తగ్గింది. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలు కావడం వెనుక ఆ కృషి ఉంది.

అయితే ఇప్పుడు మన ఆడవాళ్ళలో కనిపించే థైరాయిడ్ లోటులో ఎక్కువ భాగం అయోడిన్ తక్కువై వచ్చేది కాదు. ఒంటి రక్షణ వ్యవస్థే గ్రంథి మీద దాడి చేయడం వల్ల వచ్చేది. దానికి ఉప్పు మారిస్తే చాలదు, మాత్ర కావాలి. అదీ పరగడుపున నీళ్ళతో వేసుకోవాలి. ఫిల్టర్ కాఫీ కనీసం అరగంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి.

"బిళ్ళగన్నేరాకు నమిలితే షుగరు పోతుంది"

1921లో టొరంటోలో ఇన్సులిన్ కోసం వెతుకుతున్న డాక్టర్ బాంటింగ్ దగ్గర పనిచేయడానికి చార్లెస్ బెస్ట్, క్లార్క్ నోబుల్ అనే ఇద్దరు విద్యార్థులు నాణెం ఎగరేసుకున్నారు. బెస్ట్ గెలిచి ఇన్సులిన్ చరిత్రలో నిలిచాడు. ఓడిన నోబుల్‌కు 1952లో జమైకా నుంచి బిళ్ళగన్నేరాకులు ఉన్న చిన్న పొట్లం వచ్చింది. అక్కడా వాటి కషాయం షుగరుకు తాగుతారట. వాటిని తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు పంపాడు. ఎలుకల మీద చూస్తే చక్కెరపై చెప్పుకోదగ్గ ప్రభావం లేదు కానీ తెల్ల రక్తకణాలు పడిపోయాయి. ఆ దారి పట్టుకుని రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ 1958లో విన్‌బ్లాస్టిన్ అనే కాన్సర్ మందును వేరు చేశారు. ఇదే మొక్క నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్ ఇవాళ్టికీ పిల్లల రక్త కాన్సర్‌కు వాడతారు. కాలి పుండుతో బాధపడే షుగరు మనిషి తెల్లకణాలను తగ్గించే ఆకును రోజూ నమలడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. పొడపత్రి నమిలితే పంచదార మట్టిలా ఉంటుంది, నిజమే. అది నాలుక మీద తీపి తెలియకపోవడం, రక్తంలో తీపి తగ్గడం కాదు. మొక్కలంటే చిన్నచూపుతో అనడం లేదు. మెట్‌ఫార్మిన్ మూలం కూడా యూరప్ పల్లెల్లోని గలేగా అనే మొక్కే. దాన్ని మందుగా నిలబెట్టింది మోతాదు లెక్క, దీర్ఘకాల పరీక్ష.

"ఇన్సులిన్ దాకా వచ్చిందంటే ఇంక అయిపోయినట్టే"

1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ళ లియొనార్డ్ థాంప్సన్ చావు అంచున ఉన్నాడు. మొదటి ఇంజెక్షన్ పెద్దగా పనిచేయలేదు. కాలిప్ అనే శాస్త్రవేత్త శుద్ధి చేసిన మందును జనవరి 23 నుంచి ఇచ్చాక కోలుకున్నాడు, ఇంకో 13 ఏళ్ళు బతికాడు. ఇన్సులిన్ అతని జీవితానికి ముగింపు కాలేదు, మొదలు అయింది. పిల్లలకు వచ్చే టైప్ 1లో క్లోమం ఇన్సులిన్ దాదాపు చేయదు, అందుకే ఒక్క రోజు ఆపినా ప్రాణాపాయం. పెద్దవాళ్ళలో చాలా ఏళ్ళ తర్వాత క్లోమం అలసిపోతే, గర్భంతో ఉన్నప్పుడో ఆపరేషన్‌కో అవసరమైతే ఇస్తారు. గర్భిణికి కాన్పుతో ఆగిపోవచ్చు కూడా.

"మాకు ఫ్రిజ్ లేదు, ఇన్సులిన్ ఎట్టా పెట్టుకునేది?" అని అడిగేవాళ్ళున్నారు. కెన్యా శరణార్థి శిబిరంలోని ఎండలకు సరిపోయేలా 25 నుంచి 37 డిగ్రీల మధ్య నాలుగు వారాలు ఉంచిన ఇన్సులిన్ బలం తగ్గలేదని 2021లో ప్రచురితమైన పరిశోధనలో తేలింది. తడిపిన ఇసుకలో చిన్న మట్టికుండ పెట్టి, సీసాకు తడి తగలకుండా లోపల ఉంచి, నీడలో మూత వేయండి. తెరిచిన తేదీ సీసా మీద రాసుకుని నాలుగు వారాలకు మార్చండి. ఐస్‌లోనూ, ఫ్రిజ్ పైగదిలోనూ పెట్టవద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు.