వాల్వు బాగుపడింది, అంకె తగ్గింది!

మీరెప్పుడైనా బోరింగు కొట్టారా? లోపలి వాషరు అరిగిపోతే పిడి తేలిగ్గా ఆడుతుంది, నీళ్లు మాత్రం సన్నగా వస్తాయి. తోడిన నీటిలో కొంత మళ్లీ కిందికే జారిపోతుంది మరి. ఈ సంగతి గుర్తుంచుకోండి, గుండె దగ్గర దీనితో పని పడుతుంది.

గుండెలో ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ మధ్య అగ్రద్వయ కవాటం ఉంటుందని పాఠంలో చదివారు కదా! డాక్టర్లు దీన్నే మైట్రల్ వాల్వు అంటారు. జఠరిక ముడుచుకున్నప్పుడు ఇది గట్టిగా మూసుకోవాలి. రుమాటిక్ జ్వరం వంటి కారణాలవల్ల చెడిపోతే సరిగా మూసుకోదు. రక్తం వెనక్కి, కర్ణికలోకి కారుతుంది. అప్పుడు ఆపరేషను చేసి కవాటాన్ని బాగుచేస్తారు, లేదా కొత్తది అమరుస్తారు.

ఆ తరువాత గుండె ఎలా పనిచేస్తోందో తెలిసేదెలా? మళ్లీ ఛాతీ తెరిచి చూడలేరు కదా! అందుకు అతిధ్వనులను పంపుతారు. మన చెవికి వినిపించేది 20,000 హెర్ట్జ్‌ల వరకే. ఎకో పరీక్షలో వాడే ధ్వనులు సాధారణంగా 20 నుంచి 50 లక్షల హెర్ట్జ్‌లు. ఇవి శరీరంలో సెకనుకు సుమారు 1,540 మీటర్ల వేగంతో వెళ్లి, గుండె గోడలకు తగిలి ప్రతిధ్వనిస్తాయి. 10 సెంటీమీటర్ల లోతు నుంచి ప్రతిధ్వని ఎంతసేపట్లో తిరిగి వస్తుందో మీరే లెక్కకట్టండి. 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఇంగే ఎడ్లర్ అనే వైద్యుడు, హెల్ముత్ హెర్ట్జ్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు ఈ పద్ధతికి నాంది పలికారు. వారు వాడింది లోహాల్లో పగుళ్లను వెదకటానికి తయారైన యంత్రం!

జఠరికలో నిండిన రక్తంలో నూటికి ఎంత బయటికి పోతోందో ఎకోతో కొలుస్తారు. ఆరోగ్యవంతులలో ఇది ఇంచుమించు 55 నుంచి 70.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఒక రోగి జఠరికలో 200 మి.లీ. నిండి, 130 మి.లీ. బయటికి పోతోందనుకోండి. అంటే 65 శాతం. భేషుగ్గా ఉందనిపిస్తుంది. కాని అందులో 60 మి.లీ. వెనక్కి కారుతోంది! శరీరానికి అందేది 70 మాత్రమే. ఆపరేషనుతో కారటం ఆగింది. ఉబ్బిన జఠరిక కుదించుకుని 150 మి.లీ. పడుతోంది. అందులో 75 పంపుతోంది, అంతా ముందుకే. శాతం చూస్తే 50! ఇంటివారు కంగారు పడతారు. కాని 130 తోడి 70 అందించే వృథాశ్రమ తప్పింది చూడండి.

బోరింగు పిడిలాగే, కారే దారి ఉన్నంతకాలం గుండె కండరానికి పని తేలిక. దాని బలహీనత బయటపడదు. దారి మూసుకున్నాక రక్తాన్నంతా బృహద్ధమనిలోని పీడనానికి ఎదురుగా నెట్టాలి. అప్పుడుగాని అసలు బలం తెలియదు. అందుకే కవాటం బాగా కారుతున్నవారిలో ఈ అంకె 60కి దిగితే ఆపరేషను వాయిదా వేయవద్దంటారు. మీ పరీక్షల్లో 60 వస్తే ఫస్టు క్లాసు, ఇక్కడ అది ప్రమాద సూచన. మరీ ఆలస్యమైతే కండరం పూర్తిగా కోలుకోకపోవచ్చు.

ఆపరేషను అయిన కొన్ని వారాలకు, రోగి కుదుటపడ్డాక, ఒక ఎకో తీసి భద్రపరుస్తారు. ఆ తరువాత ఎన్నేళ్లకు తీసిన ఎకోనైనా దానితో పోల్చి చూస్తారు.