రాత్రివేళ పిక్కలు పట్టేస్తే

బి.పి. చూసేటప్పుడో, షుగరు పరీక్షకు రక్తం తీసేటప్పుడో పెద్దవారు మా సిస్టర్లతో మెల్లగా ఒక మాట అంటుంటారు. "రాత్రి నరం మీద నరం ఎక్కిందమ్మా, ప్రాణం పోయినంత పనైంది" అని. డాక్టరుగారి గదిలోకి వెళ్ళాక మాత్రం ఆ ఊసే ఎత్తరు. ఇంత చిన్న సంగతి ఆయనకెందుకులే అనుకుంటారు. అందుకే ఈ నెల దాని గురించే రాస్తున్నాము.

ముందుగా ఒక మాట. నరం మీద నరం ఎక్కడం అనేది ఉండదు. పిక్కలోని కండరం తనంతట తాను బిగుసుకుని, వదలకుండా ఉండిపోవడమే ఈ బాధ. చేత్తో పట్టుకుంటే రాయిలా తగులుతుంది. మనం వెల్లకిలా పడుకున్నా, బోర్లా పడుకున్నా పాదం కిందికి వాలి ఉంటుంది కదా, అప్పుడు పిక్క కండరం అప్పటికే కురచై ఉంటుంది. ఆ స్థితిలో దానికి వెళ్ళే నరం అనవసరంగా ఆజ్ఞలు పంపితే కండరం ఇంకా ముడుచుకుని పట్టేస్తుంది. కొన్ని సెకన్ల నుండి కొన్ని నిమిషాల వరకు ఉంటుంది. మరునాడంతా ఆ చోట నొప్పిగా ఉండవచ్చు. యాభై దాటిన వారిలోను, నెలలు నిండుతున్న గర్భిణీలలోను ఇది ఎక్కువ.

పట్టేసినప్పుడు చాలామంది చేసే పొరపాటు కంగారుగా మంచం మీద నుండి దూకడం. చీకట్లో, ఒక కాలు స్వాధీనంలో లేనప్పుడు పెద్దవారు పడిపోతే తుంటి ఎముక విరుగుతుంది. పిక్క నొప్పి ఐదు నిమిషాలలో పోతుంది గాని తుంటి ఎముక విరిగితే నెలల తరబడి మంచం పట్టవలసి వస్తుంది. కనుక మంచం మీదే లేచి కూర్చోండి. మోకాలు చాపి, కాలి వేళ్ళను చేత్తో పట్టుకుని పాదాన్ని ముఖం వైపుకు నెమ్మదిగా లాగండి. పొట్ట అడ్డం వచ్చేవారు, చెయ్యి అందనివారు ఒక తువ్వాలును పాదం కింద వేసి రెండు కొసలూ పట్టుకుని లాగవచ్చు. బిగువు వదిలేవరకు అలాగే ఉంచాలి, తరువాత పిక్కను మెల్లగా రుద్దాలి. ఆనక వేడినీటి కాపడం హాయిగా ఉంటుంది. అయితే షుగరు వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవారు ఎవరిచేతనైనా వేడి చూపించుకోవాలి. కాపడం పెట్టుకుని కాలు కాల్చుకుని మా డ్రెస్సింగ్ గదికి వచ్చినవారున్నారు.

రాకుండా చేసేది ఏమిటని అడుగుతారు. పడుకోబోయే ముందు గోడకు ఎదురుగా మూరెడు దూరంలో నిలబడి, చేతులు గోడకు ఆనించి, మడమలు నేలకు అంటిపెట్టి ముందుకు వాలండి. పిక్కలు సాగినట్టు తెలియాలి. పది సెకన్లు ఉండి వెనక్కు రండి. ఇలా మూడు సార్లు. నెదర్లాండ్స్‌లో యాభై ఐదేళ్ళు దాటిన 80 మందితో ఆరు వారాలు జరిపిన పరీక్షలో, ఇటువంటి వ్యాయామం ప్రతిరాత్రీ చేసినవారికి పట్టేయడం తగ్గినట్టు 2012లో ప్రచురించారు. పైసా ఖర్చులేని వైద్యం గనుక మాకు దీనిమీదే నమ్మకం ఎక్కువ. నిలబడితే తూలేవారు కూర్చునే, తువ్వాలుతో చేసుకోవచ్చు.

మన ఊరి పనుల సంగతి కూడా చెప్పాలి. బొమ్మల పనివారు పొణికి కర్ర చెక్కుతూ నేలమీద గంటల తరబడి కాళ్ళు ముడుచుకుని కూర్చుంటారు. నాట్ల రోజుల్లో డెల్టా ఊళ్ళ ఆడవారు రోజంతా వంగి బురదలోనే ఉంటారు. ఇటువంటివారు గంటకొకసారైనా లేచి కాళ్ళు చాపుకోవాలి. మేస్త్రీ కోప్పడితే పడనివ్వండి. ఎండలో చెమటోడ్చి పనిచేసేవారికి నీటితోపాటు ఉప్పు కూడా పోతుంది కనుక ఉప్పు వేసిన మజ్జిగ, ఓ.ఆర్.ఎస్. నీళ్ళు మేలు చేస్తాయి. కాని బి.పి., గుండెజబ్బు ఉన్నవారు ఉప్పు పెంచరాదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి కొబ్బరినీళ్ళు కూడా మంచివి కావు, అందులోని పొటాషియం గుండెకు ప్రమాదం.

మూత్రపిండాల మాట వచ్చింది కనుక చెబుతున్నాము. మన ఎన్టీఆర్ జిల్లాలోనే ఏ.కొండూరు మండలం తండాలలో ఎందరు ఆ జబ్బుతో బాధపడుతున్నారో అందరికీ తెలిసిందే. కాళ్ళ నొప్పులకని మందుల షాపులో అడిగి రోజూ నొప్పి మాత్రలు మింగడం మూత్రపిండాలకు చేటు. పైగా ఐదు నిమిషాలలో పోయే నొప్పికి అరగంటకు పనిచేసే మాత్ర ఎందుకు? బలం సూదులు, సెలైన్లు కూడా అంతే. మెగ్నీషియం మాత్రలు పెద్దవారికి చెప్పుకోదగ్గ మేలు చేయవని పరిశోధనలు తేల్చాయి. మలేరియాకు వాడే క్వినైన్‌ను పూర్వం దీనికి ఇచ్చేవారు. రక్తకణాలకు, గుండె లయకు కీడు చేస్తుందని 2006లో అమెరికా ఔషధ సంస్థ దీనికి వాడవద్దని హెచ్చరించింది. ఎవరి ఇంట్లోనైనా పాత చీటీ ఉంటే పక్కన పెట్టండి.

ఒంట్లో నీరు పోయేందుకు ఇచ్చే మాత్రల వల్లా, ఉబ్బసానికి పీల్చే కొన్ని మందుల వల్లా పిక్కలు పట్టవచ్చు. అలాగని మీ అంతట మీరు మానకండి. ఒక పెద్దాయన ఇందుకే నీటి మాత్ర మానేసి, పది రోజులకు ఆయాసంతో రాత్రికి రాత్రి మా వార్డులో చేరారు. డాక్టరుగారికి చెప్తే ఆయనే మోతాదు మార్చేవారు.

ఇక అసలు భయపడవలసినది వేరే ఉంది. కాన్పయిన కొద్దిరోజులకు ఒక అమ్మాయికి ఎడమ పిక్క నొప్పి మొదలైంది. పిక్క పట్టిందనుకుని వాళ్ళ అమ్మమ్మగారు కర్పూరం కలిపిన కొబ్బరినూనెతో రెండు రోజులు గట్టిగా మర్దనా చేశారు. నొప్పి వదలలేదు, కాలు వాచింది. తీరా చూస్తే లోపలి సిరలో రక్తం గడ్డకట్టింది. విజయవాడ పంపించి గండం గడిపాము. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులలోకి పోతే మనిషి దక్కకపోవచ్చు. మంచి మనసుతో చేసిన మర్దనాయే, ఆమెను ఏమీ అనలేము. మీరు మాత్రం గుర్తుపెట్టుకోండి: ఒక కాలే వాచి, వేడిగా ఉండి, నొప్పి గంటలు గడిచినా వదలకపోతే, ముఖ్యంగా కాన్పు, ఆపరేషను, సిమెంటు కట్టు తరువాత అయితే, ఆ కాలు రుద్దకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. దానితోపాటు ఆయాసం, ఛాతీలో నొప్పి ఉంటే తెల్లవారేవరకు ఆగవద్దు, 108కి ఫోను చేయండి.

నడుస్తుంటే పిక్క నొప్పి వచ్చి, ఆగితే తగ్గిపోతుంటే అది రక్తనాళాలు మూసుకుపోతున్న గుర్తు కావచ్చు. చుట్ట, బీడీ, సిగరెట్టు తాగేవారిలో చూస్తుంటాము. కాళ్ళు మంటలెత్తడం, తిమ్మిరెక్కడం ఉంటే షుగరు పరీక్ష చేయించుకోవాలి.

గర్భిణీలకు ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలు పిక్కల కోసం కాకపోయినా మానకుండా వేసుకోవాలి. వారానికి రెండు మూడు సార్లకంటే ఎక్కువగా పట్టేసి నిద్ర చెడుతుంటే, వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని ఓ.పి.కి రండి. చీటీలు పోయినా ఫరవాలేదు, ఖాళీ అట్టలు తెచ్చినా చాలు.