లెక్క రాసిన చోటికే రూపాయి చేరింది

కరోనా కాలంలో, 2020 మార్చి 22 సాయంత్రం దేశమంతా చప్పట్లు కొట్టింది. డాక్టర్లకు, నర్సులకు, సఫాయి కార్మికులకు, పోలీసులకు దక్కిన ఆ గౌరవం న్యాయమైనదే. ఏప్రిల్ 15న కేంద్ర హోంశాఖ సవరించిన లాక్‌డౌన్ మినహాయింపుల్లో ఎలక్ట్రీషియన్, ప్లంబర్, మోటారు మెకానిక్, వడ్రంగి కూడా చేరారు. ఆ వరుసలో పద్దులు రాసే మనిషి లేడు. తెలంగాణలో మెట్‌పల్లి లాంటి పట్నంలో ఆ మనిషంటే అడ్తి దుకాణంలో తక్‌పట్టీ రాసే గుమాస్తా, బీడీ కార్ఖానాలో మున్షీ, సహకార సంఘం కార్యదర్శి, ఊళ్లో మహిళా సంఘాల పుస్తకాలు రాసే వీవోఏ, చిన్న దుకాణాలకు జీఎస్టీ రిటర్నులు వేసే అకౌంటెంట్. వీళ్లది నర్సు చేసిన త్యాగంతో సమానమని నేను అనను. కానీ ఆ కష్టకాలంలో పేదవాడి చేతికి పైసలు అందాయా లేదా అన్నది చాలావరకు వీళ్ల రాతను బట్టే తేలింది. అందుకే వీళ్లు చేసింది అత్యవసర సేవే అంటున్నాను.

ముందుగా వడ్ల సంగతి. లాక్‌డౌన్ పడేనాటికి యాసంగి వరి కోతకు దగ్గరపడింది. రైతులంతా మార్కెట్ యార్డుకు వస్తే జనం గుమిగూడతారని, ఊళ్లలోనే కొనాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. సహకార సంఘాలు, ఐకేపీ మహిళా సంఘాల చేత దాదాపు 7 వేల కేంద్రాలు తెరిపించింది. ఏ గ్రేడు వడ్లకు క్వింటాలుకు 1,835 రూపాయల మద్దతు ధరతో ఆ సీజన్‌లో 60 లక్షల టన్నులకు పైగా కొన్నారు. కొనడమంటే తూకం వేసి లారీకెత్తడం ఒక్కటే కాదు. ఎవరు ఏ రోజు రావాలో టోకెన్ రాయాలి. తేమ శాతం, సంచుల లెక్క, పట్టా పాసుపుస్తకం నంబరు, బ్యాంకు ఖాతా నంబరు ట్యాబ్‌లో ఎక్కించాలి. లారీ వెంట ట్రక్ షీట్ పంపాలి, మిల్లు దించుకున్న తూకంతో దాన్ని సరిచూడాలి. ఆ తరువాతే రైతు ఖాతాలో డబ్బు పడుతుంది. ఖాతా నంబరులో ఒక్క అంకె తప్పితే ఆరు నెలల కష్టం ఎక్కడో ఆగిపోతుంది. ఈ పని ఇంట్లో కూర్చుని చేసేది కాదు. ఏప్రిల్, మే ఎండల్లో, రైతులూ హమాలీలూ లారీ డ్రైవర్లూ వచ్చిపోయే కల్లాల దగ్గర, మాస్కు కట్టుకుని చేసింది. వైద్య సిబ్బందికి కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన 50 లక్షల రూపాయల బీమా ఈ రాసేవాళ్లకు వర్తించలేదు. తాలు పేరిట, తేమ పేరిట మిల్లర్లు తరుగు తీశారని రైతులు గోల పెట్టిన మాట నిజం. ఆ గోలకు బలం ఎక్కడిది? కొనుగోలు కేంద్రంలో రాసిన తూకానికీ మిల్లులో రాసిన తూకానికీ తేడా కాగితం మీద కనబడటం వల్లే కదా.

బీడీలు చుట్టే ఇళ్లకు ఈ సంగతి ఇంకా బాగా తెలుసు. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల వైపు వేలాది ఆడవాళ్ల బతుకు ఆకు, తంబాకు, దారం మీదే నడుస్తుంది. వాళ్లు పనిచేసేది ఇంటి అరుగు మీద. కార్మికురాలని చెప్పడానికి వాళ్లకున్న ఆధారం మున్షీ రాసే పుస్తకం, దాన్నిబట్టి జమయ్యే పీఎఫ్. తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే బీడీ కార్మికుల పింఛనుకు 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఖాతా ఉండాలన్నది షరతు. ఆ తేదీకి పేరు పుస్తకంలో ఎక్కినవాళ్లకు నెలకు 2,016 రూపాయలు వచ్చాయి. అదే గల్లీలో, అవే వేళ్లతో, అన్నే కట్టలు చుట్టి పేరు ఎక్కని మనిషికి రాలేదు. 2020 మార్చి 28 నుంచి పీఎఫ్ సొమ్ములో మూడు నెలల జీతమో, నిల్వలో 75 శాతమో, ఏది తక్కువైతే అది తీసుకునే వెసులుబాటు వచ్చింది. అప్పుడూ ఆధార్‌లో పేరూ పుట్టిన తేదీ ఒకటి, పీఎఫ్ రికార్డులో మరొకటి ఉన్నవాళ్ల దరఖాస్తులు వెనక్కి వచ్చాయి. వాటిని సరిచేసి మళ్లీ పంపింది కంపెనీ లెక్కలు చూసేవాళ్లే. ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలిగిందో ఆ దిద్దుబాట్లకే ఎరుక.

రాత లేని చోట ఏమైందో గల్ఫ్ చెప్పింది. విదేశాల్లో చిక్కుకున్నవాళ్లను తెచ్చే వందే భారత్ విమానాలు 2020 మే 7న మొదలయ్యాక ఈ ప్రాంతపు వలస కార్మికులు చాలామంది బకాయి జీతం, గ్రాట్యుటీ అందకుండానే తిరిగొచ్చారు. ఎన్ని గంటలు పనిచేశారో, ఎంత రావాలో చూపే కాగితం వాళ్ల చేతిలో లేదు. ఎడారిలో కార్చిన చెమటకు పద్దు లేకపోతే కోర్టుకైనా ఏం చూపుతారు? సంపన్న దేశంలోనూ ఇదే తీరు. అమెరికా తన చిన్న వ్యాపారాల జీతాల కోసం 2020 ఏప్రిల్ 3న తెరిచిన 349 బిలియన్ డాలర్ల నిధి రెండు వారాల్లోపే అయిపోయింది. జీతాల లెక్కలు సిద్ధంగా ఉన్నవాళ్లు ముందే అందుకున్నారు, కాగితాలు వెతుక్కునే చిన్నవాళ్లు వెనకబడ్డారు.

ఇక అభ్యంతరాలు. అన్నిటికన్నా బరువైనది మన చరిత్రలోనే ఉంది. తెలంగాణ పల్లెకు లెక్క రాసేవాడంటే పట్వారీ. భూమి ఎవరిదో, శిస్తు ఎంతో, బాకీ ఎంతో అతని కలం చెప్పిందే వేదం. ఆ కలం దొర పక్కన నిలిచి ఎన్నో కుటుంబాలను ముంచింది. 1984లో పట్వారీ వ్యవస్థ రద్దయినా ఆ భయం పోలేదు. నేటికీ మున్షీ యజమాని మనిషే కదా అనే మాటలో నిజం ఉంది. కానీ పట్వారీ రాత ముంచింది అది ఒక్కడి చేతిలో, ఎవరికీ కనబడకుండా ఉన్నందుకు. ఊరి ఆడబిడ్డే రాసి, సంఘం ముందు చదివి వినిపించే పుస్తకం వేరు. రాతకున్న బలం అప్పుడు దొరకు పనికొస్తే, ఇప్పుడు కూలికి పనికొచ్చేలా చేసుకోవాలి. అంతా కంప్యూటరే చేస్తుందన్నది మరో మాట. కంప్యూటరు ఎక్కించినదే చూపిస్తుంది. చదువు రాని ముసలి రైతు తెచ్చిన మాసిపోయిన పాసుపుస్తకంలో అంకె సరిగ్గా చదివి ఎక్కించింది మనిషే.

ఆ మనిషికి మనం ఇచ్చింది తక్కువ. 2023 వేసవిలో రాష్ట్రంలోని వీవోఏలు జీతం కోసం, ఉద్యోగులుగా గుర్తింపు కోసం వారాల తరబడి సమ్మె చేయాల్సి వచ్చింది. మళ్లీ ఒక మహమ్మారి వస్తే మొదటి రోజే అత్యవసర సేవల జాబితాలో వాళ్ల పేరుండాలి, బీమా ఉండాలి, టీకా వరుసలో చోటుండాలి. అందుకు జగిత్యాల జిల్లా యంత్రాంగం రేపటిదాకా ఆగనక్కర్లేదు. వచ్చే యాసంగికి మెట్‌పల్లి, మల్లాపూర్, ఇబ్రహీంపట్నం మండలాల్లో కేంద్రాలు తెరిచినప్పుడు ట్యాబ్ పట్టుకుని కూర్చునే ఆ అక్కకు ముందు నీడ, నీళ్లు, నెలనెలా జీతం ఏర్పాటు చేయండి.