మాటుడేరాను ఎన్నుకొనుట

చెరువుగట్టునగాని అడవిలోగాని మనము పక్షిని చూచుటకు ముందే పక్షి మనలను చూచును. ఈ సత్యమును వేటగాండ్రు ఏనాడో గ్రహించిరి. అందుచేతనే చెట్టుపై మంచె కట్టిరి; ఆకుకొమ్మలతో మాటు వేసిరి; దీమపు పిట్టను ముందుంచి తాము పొదచాటున పొంచియుండిరి. మేయుచున్న ఎద్దు చాటున నడచి పక్షులను సమీపించుటయు వారెరిగిన ఉపాయమే. ఇంగ్లండులో రిచర్డు కేర్టన్, చెర్రీ కేర్టన్ అను సోదరులు 1900 ప్రాంతమున ఇట్టి ఉపాయమునే మరియొక ప్రయోజనమునకు వాడిరి. ఎద్దుతోలుతో బోలుబొమ్మ చేయించి, దాని కడుపులో కెమెరాతో దాగి, పక్షుల ఛాయాచిత్రములు తీసిరి. తుపాకి పట్టినవాని మాటు ఆ విధముగ కెమెరా పట్టినవానికి సంక్రమించినది.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, దానికి 1991లో జరిగిన సవరణ వినోదపు వేటకు స్వస్తి చెప్పినవి. ఇప్పుడు మాటున కూర్చుండువారు పక్షి పరిశీలకులు, ఛాయాచిత్రకారులు. మడచి వీపున మోసికొని పోదగిన మాటుడేరాలు వారికై అనేక విధములైనవి దొరకుచున్నవి. వేటగానికి గురి కుదిరిన ఒక్క క్షణము చాలును. పరిశీలకునకట్లు కాదు; పక్షి గంటలకొలది తన పని తాను చేసికొనుచుండవలెను. కావున డేరాను ఎన్నుకొనుటలో మన సౌకర్యముకంటె పక్షి నెమ్మదియే ముందుగా చూడదగినది.

ఈ మాట నేను ఒక తప్పు చేసి నేర్చుకొంటిని. కొన్నియేండ్ల క్రిందట వేసవిలో, ఎండిన చెరువులో ఒక తీతువు గ్రుడ్లు పెట్టినది. దానికి గూడనునది లేదు. గులకరాళ్ల నడుమ చిన్న గుంట, అంతే. ఎండ ముదిరినపుడు ఆ పక్షి రొమ్ము నీట తడుపుకొని వచ్చి గ్రుడ్లపై కూర్చుండి వాటిని చల్లబరచును. ఆ వింత చూడవలెనని నేను క్రొత్తగా కొన్న నీలిరంగు డేరాను ఉదయము పది గంటలకు, ఇరువది అడుగుల దూరమున, ఒక్కసారిగా నిలిపితిని. గాలికి దాని గుడ్డ టపటప కొట్టుకొనసాగెను. తీతువు కేకలు వేయుచు చుట్టును తిరిగినదేకాని గ్రుడ్ల చెంతకు రాలేదు. ముప్పావు గంటకు నాకు తెలివి వచ్చి డేరా విప్పివేసితిని. మరునాడు దూరమునుండి బైనాక్యులరుతో చూడగా గుంట ఖాళీగా నుండెను. కాకులు మాత్రము అచ్చట తిరుగుచుండెను.

ఆ డేరాలో లోపములు రెండు: రంగు, కదలిక. పక్షుల కంటికి మనకు కానరాని అతినీలలోహిత కాంతియు కొంత కనబడును. జింకజాతి జంతువులు ఎరుపును, ఆకుపచ్చను స్పష్టముగ వేరుచేయలేకపోయినను నీలిరంగును బాగుగ గుర్తించును. కావున నీలము పనికిరాదు. డేరా రంగు ఆ చోటి నేలకు సరిపోవలెను. పచ్చని ఆకులు అచ్చువేసిన గుడ్డ వానకాలపు అడవిలో ఇమిడిపోవును. అదియే వేసవిలో ఎండిన చెరువున ఎత్తుగ కనబడును. అచ్చట ఎండుగడ్డి రంగో, మట్టి రంగో మేలు. మెరుపు నిచ్చు సబ్బుపొడులతో ఆ గుడ్డను ఉతుకరాదు. తెల్లదనము కొరకు అందులో కలుపు ద్రవ్యము కాంతిలో వెలుగును. దళసరి నూలుగుడ్డకు బరువెక్కువ, కాని గాలి ఆడును. పలుచని పాలియెస్టరు తేలిక, కాని మన ఎండలలో లోపల పొయ్యివలె కాగును. గాలికి చప్పుడును చేయును. ఏది కొన్నను, నిలిపిన తరువాత అరచేతితో కొట్టి చూడవలెను. డోలు చర్మమువలె బిగిసియున్నచో మంచిది.

ఆకారమునుబట్టి ఇవి ముఖ్యముగ నాలుగు విధములు. కర్రలు నిలిపి గుడ్డ తొడుగు పెట్టెడేరా అన్నిటికంటె కదురుగ నిలుచును. కాని నిలుపుటకు సమయము పట్టును. ఉక్కుపట్టీలతో తనంతట తాను విచ్చుకొనునది క్షణములో లేచి నిలుచును, చక్రమువలె మడతపడును. అయితే అది విచ్చుకొనునప్పటి అలికిడి పక్షిని బెదరగొట్టును, బలమైన గాలికి తాళదు. కుర్చీతో కలిసిన ఏకవ్యక్తి డేరా నడచి తిరుగువారికి అనుకూలము. ఇక నాలుగవది ఒట్టి వల. మీద కప్పుకొని పొదచెంత కూర్చుండవచ్చును. బరువులేదు, వెల తక్కువ. కాని మన చేయి కదలిన ప్రతిసారి వలయు కదలును. మూడు గంటలు ఒకేచోట కూర్చుండదలచినవారు పెట్టెడేరానే ఎన్నుకొనుట ఉత్తమము.

కొనునప్పుడు లోపలికి దూరి చూడుడు. లోపలి ప్రక్క నల్లగ నుండవలెను. ముందు కిటికీ తెరచినపుడు వెనుకది గట్టిగ మూసికొనవలెను. రెండును తెరచియుండెనా, వెనుక వెలుతురులో మన ఆకారము నీడబొమ్మవలె పక్షికి కనబడును. కిటికీలకు కరకరమను జిప్పులకంటె ముడివేయు నాడాలు మేలు. కెమెరా ముక్కాలి స్టాండునకు, మన మోకాళ్లకు చోటు చాలవలెను. ఇసుకనేలకు పొట్టి మేకులు పట్టవు. పొడుగు మేకులైనను, ఇసుక నింపిన సంచులైనను కావలెను. విప్పియుంచిన డేరాలో కూర్చుండుటకు ముందు పాములు, తేళ్లు చేరలేదని దీపముతో చూచుకొనవలెను.

ఎంత మంచి డేరాయైనను లోనికి పోవునప్పుడు మనలను దాచదు. 1937లో ఎరిక్ హాస్కింగు అను ఆంగ్ల ఛాయాచిత్రకారుడు రాత్రివేళ గుడ్లగూబ గూటి చెంత మాటునెక్కబోవుచుండగా ఆ పక్షి తన్ని, ఆయన ఒక కన్ను కోల్పోయెను. కావున డేరాను తొలిదినము దూరమున నిలిపి, పక్షి అలవాటుపడిన కొలది దినదినము కొంత ముందుకు జరుపవలెను. లోనికి ఇరువురు పోయి ఒకరు బయటికి వచ్చి నడచిపోవుట పాత ఉపాయము. పోయినవానిని చూచి పక్షి డేరా ఖాళీయైనదని తలచును. గ్రుడ్లున్నచోట మాత్రము డేరా వేయకుండుటయే ధర్మము. నీరు త్రాగు చోటను, మేత మేయు చోటను వేయుడు. నేలపట్టు, ఆటపాక వంటి రక్షితస్థలములలో చూచుటకు గోపురములున్నవి. సొంత డేరా నిలుపుటకు అటవీశాఖవారి అనుమతి కావలెను.

డేరా మంచిదా కాదా యని అంగడిలో తేలదు. మన యెదుట పక్షి ఒంటికాలిపై నిలిచి, ముక్కును రెక్కలో దూర్చి కునుకు తీసినపుడు తేలును. అప్పుడు కెమెరా మీట నొక్కుటకు తొందరపడకుడు. కొంతసేపు ఊరకే చూడుడు.