తెల్లబట్ట... ఏది జబ్బు? ఏది కాదు?

శానిటరీ న్యాప్‌కిన్ల ప్రకటన రాగానే టీవీలో ఛానల్ మార్చేసే రోజులు పోయాయి. నెలసరి గురించి ఇళ్లలో ఇప్పుడు కాస్త గొంతు విప్పే మాట్లాడుకుంటున్నారు. ఆ ఐదు రోజుల సంగతి సరే, మరి మిగతా ఇరవై మూడు రోజుల మాటేంటి? లోదుస్తులకి అంటిన తడి మరక చూసి కంగారుపడ్డ పదమూడేళ్ల పిల్ల ఎవరినడగాలి? అమ్మనడిగితే 'వేడి చేసిందిలే, సబ్జా నీళ్లు తాగు' అంటుంది. అమ్మమ్మయితే 'ఎముకలు కరిగిపోతున్నాయే తల్లీ, అందుకే ఇలా చిక్కిపోతున్నావు' అని దిగులుపడుతుంది. పేరు ఎవరు పెట్టారోగానీ వినడానికే జబ్బులా ఉంటుంది... తెల్లబట్ట!

ఎముకలు కరగడమన్నది ఉత్త మాట. ఆ తడికీ ఎముకలకీ సంబంధమే లేదు. గర్భాశయ ముఖద్వారం దగ్గరున్న గ్రంథుల్లో ఊరే జిగురు, యోని గోడల్లోంచి వచ్చే చెమ్మ, రాలిపోయే పాత కణాలు... ఇవన్నీ కలిసిందే తెల్లబట్ట. కంట్లో నీరు, నోట్లో లాలాజలం ఎలాగో ఇదీ అలాగే. రోజుకి అర చెంచా నుంచి చెంచా దాకా అవడం మామూలే. తెల్లగానో, నీళ్లలాగానో ఉంటుంది. గుడ్డమీద ఆరాక లేత పసుపు రంగుకి తిరుగుతుంది. చాలామంది ఆ పసుపుని చూసే చీము అనుకుని భయపడతారు.

పాలు తోడుకోవడానికి సాయపడే లాక్టోబాసిల్లస్ గురించి స్కూల్లో చదువుకునే ఉంటాం. ఆ కుటుంబానికే చెందిన సూక్ష్మజీవులు యోనిలోనూ కాపురముంటాయి. వీటి గురించి జర్మన్ వైద్యుడు ఆల్బర్ట్ డోడర్‌లైన్ 1892లోనే వివరంగా రాశాడు. ఇవి అక్కడి చక్కెరలని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. దాంతో ఆ ప్రదేశం పుల్లగా, అంటే పీహెచ్ 3.8 నుంచి 4.5 మధ్యలో ఉండి, బయటి క్రిములకి నిలువనీడ లేకుండా పోతుంది. కాస్త పులిసిన వాసన ఉండేది అందుకే. సువాసన సబ్బులతోనో, యాంటిసెప్టిక్ లోషన్లతోనో లోపలిదాకా కడిగితే ముందుగా పోయేది ఈ కాపలావాళ్లే. 'శుభ్రం' పేరుతో అమ్మే సీసాలు కొని, లేని జబ్బు తెచ్చుకోవడమన్నమాట! బయటి భాగాన్ని మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు. లోపలిభాగం తనని తానే కడుక్కుంటుంది.

నెల పొడుగునా ఒకలా ఉండదు

అసలు తికమకంతా ఇక్కడే. మొన్న లేనిది ఇవాళ ఎందుకుంది, ఇవాళ నీళ్లలా ఉన్నది రేపు పేస్టులా ఎందుకు మారింది అని భయం. దీని వెనక ఉన్నవి రెండు హార్మోన్లు.

28 రోజులకోసారి నెలసరి వచ్చే స్త్రీని ఉదాహరణగా తీసుకుందాం. బహిష్టు ఆగాక రెండు మూడు రోజులు పెద్దగా తడి ఉండదు. అండాశయంలో కొత్త అండం ఎదిగేకొద్దీ ఈస్ట్రోజెన్ పెరుగుతుంది. జిగురు మొదలవుతుంది. తొలుత కొద్దిగా, అంటుకునేలా ఉంటుంది. తర్వాత మీగడలా తెల్లగా అవుతుంది. పదకొండో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య బాగా పెరిగి, పచ్చి కోడిగుడ్డులోని తెల్లసొనలా తేటగా, జారుడుగా ఉంటుంది. రెండు వేళ్ల మధ్య పెట్టి లాగితే తెగకుండా తీగలా సాగుతుంది. అండం విడుదలయ్యే సమయం దగ్గరపడిందనడానికి ఇదే గుర్తు. మామూలు రోజుల్లో వీర్యకణాలకి దారివ్వని ఆ జిగురే ఈ కొద్ది రోజులూ వాటిని లోనికి రానిచ్చి ఐదు రోజుల దాకా బతికిస్తుంది. ఇదే జిగురుని గాజుపలకమీద ఆరబెట్టి సూక్ష్మదర్శినిలో చూస్తే ఫెర్న్ మొక్క ఆకుల్లాంటి ముగ్గు కనిపిస్తుంది.

అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్‌ది పైచేయి. ఒకట్రెండు రోజుల్లోనే జిగురు చిక్కబడి, తగ్గి, తలుపు మూసినట్టవుతుంది. మళ్లీ నెలసరి దాకా పొడిగానో, కొద్దిపాటి చిక్కటి తెలుపుతోనో గడిచిపోతుంది.

అందరికీ 28 రోజుల లెక్కే ఉండదు. 35 రోజులకోసారి వచ్చేవారికి తెల్లసొనలాంటి జిగురు ఇరవై ఒకటో రోజు ప్రాంతంలో కనిపించొచ్చు. గర్భనిరోధక మాత్రలు వాడేవారికి అసలు కనిపించకపోవచ్చు.

ఈ మార్పుల్ని గుర్తుపట్టడానికి చదువుతో పనిలేదు. ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ బిల్లింగ్స్, ఆయన భార్య డాక్టర్ ఈవ్లిన్ ఏళ్లతరబడి ఆడవాళ్లనే అడిగి తెలుసుకుని దీన్నొక పద్ధతిగా మలిచారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో దాన్ని పరీక్షకి పెట్టింది. అందులో మన బెంగళూరూ ఉంది. అక్షరం ముక్క రానివాళ్లూ అందులో పాల్గొన్నారు. నేర్పిన తొలి నెలలోనే నూటికి 93 మంది తమ జిగురులో తేడాని గుర్తుపట్టారని 1981లో వచ్చిన ఫలితాలు చెప్పాయి. పిల్లలు కావాలనుకునే జంటలకి ఇది ఖర్చులేని క్యాలెండర్. పిల్లలు వద్దనుకునేవాళ్లు మాత్రం దీన్నొక్కదాన్నే నమ్ముకోకపోవడం మంచిది. అదే పరిశీలనలో ఏడాది తిరిగేసరికి నూటికి దాదాపు ఇరవై మందికి గర్భం వచ్చింది.

గర్భసంచి దాకా...

తెలియకపోతే వచ్చే నష్టం మందుల ఖర్చుతో ఆగదు. గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం రెండు వేలమందికి పైగా మహిళల్ని పరిశీలించి 2005లో ఫలితాలు ప్రకటించింది. తెల్లబట్ట ఎక్కువగా అవుతోందన్న ఫిర్యాదుకి ఇన్ఫెక్షన్లకన్నా మనోవేదనతోనే గట్టి సంబంధం కనిపించింది. నీరసం, నడుంనొప్పి, ఇంట్లో కష్టం... అన్నిటికీ ఆడవాళ్లు నోరువిప్పి చెప్పుకోగలిగిన పేరు ఇదొక్కటే కావడం ఎంత విచిత్రం! అలాంటి మనిషికి యాంటిబయాటిక్ ఇస్తే ఏం తగ్గుతుంది?

తగ్గకపోతే తర్వాతి సలహా కొన్నిచోట్ల ఏకంగా ఆపరేషనే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. వాళ్లు చెప్పిన కారణాల్లో అధిక రక్తస్రావానిదే మొదటి స్థానం, నిజమే. కానీ ఆ జాబితాలో తెల్లబట్ట కూడా ఉంది. అనవసరంగా గర్భసంచులు తీసేస్తున్నారన్న వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అలాంటి ఆపరేషన్లపై నిఘా ఉంచే మార్గదర్శకాలు అమలు చేయాలని 2023లో కోర్టు రాష్ట్రాలని ఆదేశించింది. మాత్రలతో నయమయ్యే ఇన్ఫెక్షన్‌కో, అసలు జబ్బే కానిదానికో గర్భసంచి తీసేయాలని ఎవరైనా అంటే, మరో డాక్టర్ని అడక్కుండా సంతకం పెట్టకూడదు.

అలాగని అన్నిటినీ మామూలే అనుకుని ఊరుకోవడమూ కుదరదు. విరిగిన పెరుగులా తెల్లటి ఉండలు పడుతూ విపరీతంగా దురద ఉంటే ఫంగస్ కావచ్చు. షుగరున్నవాళ్లలో ఇది తరచూ వస్తుంది. పల్చగా బూడిదరంగులో చేపల వాసన వస్తుంటే లోపలి మంచి సూక్ష్మజీవులు తగ్గి వేరేవి పెరిగాయని అర్థం. పసుపో ఆకుపచ్చో రంగులో నురగలా ఉంటే ట్రైకోమోనాస్ అయ్యుండొచ్చు. దీనికి భర్త కూడా మందు వాడాల్సిందే. లేకపోతే భార్యకి తగ్గినట్టే తగ్గి మళ్లీ అంటుకుంటుంది. తనకేమీ లేదని ఆయన వాదించినా సరే! పొత్తికడుపులో నొప్పి, జ్వరం తోడైతే ఆలస్యం చేయొద్దు.

వయసుని బట్టీ లెక్క మారుతుంది. పుట్టిన ఆడబిడ్డకి తొలివారంలో తెల్లబట్ట, ఒక్కోసారి నాలుగు చుక్కల రక్తం కనిపించినా అది తల్లి హార్మోన్ల ప్రభావమే. రజస్వల కావడానికి ఆర్నెల్లు, ఏడాది ముందునుంచే అమ్మాయిల్లో మొదలవుతుంది. అప్పుడే చెప్పి ఉంచితే పిల్ల హడలిపోదు. గర్భిణుల్లో ఎక్కువవుతుంది. బహిష్టులు నిలిచాక ఈస్ట్రోజెన్ తగ్గి, పొడిబారుతుంది.

ఆ వయసులో కొత్తగా స్రావం మొదలైనా, ఏ వయసులోనైనా నెలసరుల మధ్యలోనో కలయిక తర్వాతో రక్తపు చార కనిపించినా గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి. ఏ ఇబ్బందీ లేనివాళ్లయినా ముప్ఫై దాటాక ఐదేళ్లకోసారి చేయించుకోవాలన్నది ప్రభుత్వ కార్యక్రమం. వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్నే పల్చగా కలిపి ముఖద్వారానికి రాసి, రంగు మారుతుందేమో నిమిషంసేపు చూస్తారు. మత్తు అక్కర్లేదు, కోత ఉండదు, పది నిమిషాల్లో లేచి ఇంటికి రావచ్చు.